ఇంగ్లండ్ పల్లెల్లో పూరికప్పు ఇళ్ల ఫొటోలు: ఏ ఊళ్లు, ఏ వెలుతురు, ఏ లెన్సు?

గోదారిగట్టు
ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే పట్టణంలో ఉంటున్నాం. మే చివర్లో ఒక వారాంతమంతా పాత పూరికప్పు ఇళ్ల ఫొటోలకే పెట్టుకోవాలని ఉంది. చేతిలో ఉన్నవి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా బాడీ, 24–70, 70–200 ఎంఎం లెన్సులు, మెరుపు తగ్గించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ ఒకటి, మామూలు ట్రైపాడ్. జాబితాలో బైబరీ, కాసిల్ కూమ్, మిల్టన్ అబ్బాస్ రాసుకున్నాను. నా ఇబ్బంది ఏమిటంటే తెల్లగోడ బాగా వస్తే కప్పు నల్లముద్ద అయిపోతోంది, కప్పు బాగా వస్తే గోడ తెల్లగా కొట్టుకుపోతోంది. కప్పు మీద గడ్డి పరిచిన తీరు కనిపించాలి, అదే ముఖ్యం. ఆ ఇళ్లలో జనం కాపురం ఉంటారు కదా, ఎంతవరకు తీయొచ్చో కూడా చెప్పండి.

చూరుకింద
ముందు జాబితా సరిచేద్దాం. బైబరీలో అందరూ తీసే ఆర్లింగ్టన్ రో ఇళ్లకీ, కాసిల్ కూమ్ వీధికీ ఉన్నవి రాతి పలకల కప్పులు. అందమైన ఊళ్లే, కానీ మీకు కావలసిన గడ్డి అక్కడ లేదు. ఆ రెండూ తీసేయండి.

మిల్టన్ అబ్బాస్ ఉంచండి. డోర్సెట్‌లో ఉంది, రీడింగ్ నుంచి కారులో సుమారు రెండు గంటలు. 1780 ప్రాంతంలో లార్డ్ మిల్టన్ తన భవనం ముందు ఉన్న పాత ఊరిని పీకించి, తోటల రూపకర్త కేపబిలిటీ బ్రౌన్ సాయంతో లోయలో కొత్తగా కట్టించిన వీధి అది. ఒకే నమూనాలో 36 ఇళ్లు, వాలు వీధికి రెండు వైపులా, ముందు పచ్చిక. ఒక్కో ఇల్లు రెండు కుటుంబాల కోసం కట్టారు. ఒకే ఆకారం వరసగా తిరిగి తిరిగి రావడమే అక్కడి ఫొటో. ఒక్క ఇంటిని విడిగా తీస్తే ఆ ఊరి ప్రత్యేకత పోతుంది. వీధి పై చివర నిలబడి 100–135 దగ్గర తీస్తే కప్పులు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా చేరతాయి.

దారిలో న్యూ ఫారెస్ట్‌లో లిండ్‌హర్స్ట్ పక్కనే స్వాన్ గ్రీన్ ఉంది. పచ్చిక అంచున పూరిళ్ల వరస. ఏ35 రోడ్డు ఆనుకునే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున తప్ప ఫ్రేములోకి వాహనాలు వస్తూనే ఉంటాయి.

ఇంకా దూరం వెళ్లగలిగితే సోమర్సెట్‌లో సెల్వర్తీ. 1828లో సర్ థామస్ ఆక్లండ్ తన ఎస్టేటులో పనిచేసి విరమించిన వాళ్ల కోసం కట్టించినవి. మీగడ రంగు సున్నం వేసిన గోడలు, వెనక చెట్ల కొండ, ఎదురుగా లోయకు అవతల డంకరీ బీకన్ కొండ. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థది. సఫోక్‌లో కావెండిష్ కూడా మంచిదే, పచ్చిక అంచున గులాబీరంగు ఇళ్లు, వాటి వెనకే చర్చి గోపురం. కానీ అది పూర్తిగా ఇంకో దిక్కు. రెండు రోజుల్లో రెండూ కలిపి పెట్టుకోకండి.

కిక్కిసదుబ్బు
ఊరు తేల్చుకున్నాక కప్పు ఏ గడ్డిదో చూడండి. దాన్ని బట్టే ఎంత దగ్గరకు వెళ్లాలి, ఏ వెలుతురు కావాలి అన్నది మారుతుంది. ఇంగ్లండ్‌లో ప్రధానంగా మూడు రకాలు.

వాటర్ రీడ్: చిత్తడి నేలల్లో పెరిగే కిక్కిస జాతి. నార్ఫోక్ బ్రాడ్స్ దీనికి పేరు. కాడల మొదళ్లే బయటికి కనిపిస్తాయి. వాలు నున్నగా, గీసినట్టు, అంచులు పదునుగా ఉంటాయి. నలభై ఏళ్లు దాటి కూడా నిలుస్తుంది.

కూంబ్డ్ వీట్ రీడ్: గోధుమగడ్డిని దువ్వి, మొదళ్లన్నీ ఒకే వైపు ఉండేలా కట్టలు కట్టి వేసేది. డెవాన్, సోమర్సెట్, డోర్సెట్ వైపు ఎక్కువ. చూరు అంచు కత్తితో తెగ్గోస్తారు. కప్పు మూలలు గుండ్రంగా తిరిగి, కిటికీల మీద కనుబొమల్లా వంపు తీరేది ఎక్కువగా దీనితోనే. ఆయుష్షు సుమారు 25–35 ఏళ్లు.

లాంగ్ స్ట్రా: సఫోక్, కేంబ్రిడ్జ్‌షైర్, మిడ్‌లాండ్స్ వైపు. మొదళ్లు, కొసలు కలిసిపోయి ఉంటాయి, గడ్డి పోచలు పొడుగ్గా పడుకున్నట్టు కనిపిస్తుంది. గుర్తుపట్టడం తేలిక. చూరు వెంబడి, పక్కగోడ అంచుల వెంబడి చీల్చిన హేజెల్ చెట్టు బద్దలు వరసగా బిగించి ఉంటాయి. మిగతా రెండు రకాల్లో బద్దలు సాధారణంగా కొప్పు మీదే బయటికి కనిపిస్తాయి. ఇది 15–25 ఏళ్లు.

కొప్పు, అంటే పైన రెండు వాలులు కలిసే చోటు, మిగతా కప్పు కంటే ముందే అరుగుతుంది. 10–15 ఏళ్లకోసారి అదొక్కటే మారుస్తారు. అందుకే బూడిదరంగు వాలు మీద బంగారు రంగు కొప్పు తరచూ కనిపిస్తుంది. అది కెమెరా తప్పు కాదు, ఎడిటింగ్‌లో రెండింటినీ ఒకే రంగులోకి తేవద్దు.

గడ్డి మార్చేటప్పుడు చాలాచోట్ల పాతదంతా పీకరు. పాడైన పై పొర తీసి దాని మీద కొత్తది వేస్తారు. డెవాన్‌లో కొన్ని ఇళ్ల కప్పుల అడుగున పొగగొట్టం లేని కాలం నాటి, పొగచూరిన మధ్యయుగపు గడ్డి ఇంకా ఉంది. ఆ మందం ఎదురుగా నిలబడితే తెలియదు. పక్కగోడ త్రికోణం వైపు, మూలకు 45 డిగ్రీల్లో నిలబడితేనే తెలుస్తుంది.

పక్కవెలుగు
గడ్డి పరిచిన తీరు కనిపించాలన్నారు కాబట్టి నిలబడే చోటు గురించి లెక్కతో చెబుతాను. పూరికప్పు వాలు సాధారణంగా 45–50 డిగ్రీలు, కొన్నిచోట్ల ఇంకా నిటారు. వాలు మధ్యభాగం నేల నుంచి 5 మీటర్లు అనుకుందాం, మీ కంటి ఎత్తు 1.6. ఆ మధ్యభాగానికి అడ్డంగా 5 మీటర్ల దూరంలో నిలబడితే దాన్ని 34 డిగ్రీలు పైకి చూస్తున్నారు. 50 డిగ్రీల వాలుకీ మీ చూపుకీ మధ్య మిగిలేది 16 డిగ్రీలే, అంటే కప్పు తన అసలు నిడివిలో పావు వంతుకు కాస్త పైన మాత్రమే కనిపిస్తుంది. అదే 15 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే 13 డిగ్రీలే పైకి చూస్తారు, కోణం 37 అవుతుంది, 60 శాతం కనిపిస్తుంది. కప్పు బక్కచిక్కి, గోడ పెద్దదై కనిపించే ఫొటోల్లో అసలు లోపం ఇదే. లెన్సు మార్చినా పోదు, కాళ్లు కదలాలి. 24 ఎంఎంతో దగ్గరికి వెళ్లకుండా వెనక్కి జరిగి 50–85 వాడండి.

ఇక సూర్యుడు. మే చివర్లో దక్షిణ ఇంగ్లండ్‌లో సూర్యోదయం సుమారు 5 గంటలకు, అస్తమయం రాత్రి 9 దాటాక. గడియారం మీద మధ్యాహ్నం 1 గంటకు ఎండ దాదాపు 61 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దక్షిణం వైపు వాలు మీద అది ఇంచుమించు నిలువుగా పడుతుంది, పోచకీ పోచకీ మధ్య నీడ ఉండదు, కప్పు అట్టముక్కలా వస్తుంది. పైగా చూరు గోడను దాటి 45 సెంటీమీటర్లు ముందుకు వచ్చి ఉంటే, ఆ ఎత్తు ఎండకి గోడ మీద 80 సెంటీమీటర్ల నీడ దిగుతుంది. కిటికీల పైసగం చీకటి. మీ నల్లముద్ద, తెల్లగోడ గొడవ సగం ఈ వేళ వల్లే.

ఎండ వాలుకి ఏటవాలుగా, పక్క నుంచి గీరుకుంటూ పోవాలి. దక్షిణముఖం ఇంటికి ఉదయం 8:30–10 మధ్య, సాయంత్రం 4–5:30 మధ్య చూడండి. ఉత్తరముఖం ఇళ్లని చాలామంది వదిలేస్తారు. మే, జూన్‌లలో వదలక్కర్లేదు. సూర్యుడు బాగా ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు కాబట్టి ఉదయం 8 వరకు, సాయంత్రం 6 తర్వాత ఉత్తరపు గోడ మీద నేరుగా ఎండ పడుతుంది. చలికాలంలో అది అసలు దొరకదు. డిసెంబరు మధ్యాహ్నం ఎండ ఎత్తు అక్కడ 15–16 డిగ్రీలే. విజయవాడలో అదే రోజు 50. మన ఊళ్ల అలవాటుతో వేళలు లెక్కేయకండి.

గోదారిగట్టు
ఇంత వివరం అనుకోలేదు, ధన్యవాదాలండీ. ఒక అనుమానం. ఊరి సందులు మూడు నాలుగు మీటర్లకు మించి ఉండవు కదా, 15 మీటర్లు వెనక్కి ఎలా? నిలువుగీతలు లోపలికి వంగడం సంగతి కూడా చెప్పండి.

పక్కవెలుగు
ఎదురుగా చోటు లేకపోతే సందు వెంబడే వెనక్కి వెళ్లి ఏటవాలుగా తీయండి. ఇంటి మూల, పక్కగోడ, ముందు వాలు మూడూ వస్తాయి, కప్పు మందం కూడా తెలుస్తుంది. మిల్టన్ అబ్బాస్‌లో పచ్చిక వెడల్పు వల్ల ఆ ఇబ్బంది తక్కువ.

నిలువుగీతలకి: కెమెరాలో లెవెల్ పెట్టుకుని కెమెరా తలెత్తకుండా తీయండి. కింద రోడ్డు ఎక్కువ వస్తుంది, రానివ్వండి, తర్వాత కోసేయొచ్చు. సరిచేయడం తప్పకపోతే చుట్టూ 15 శాతం ఖాళీ ఉంచి తీయండి, లేదంటే పొగగొట్టం తెగిపోతుంది. ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌లో ఆటో సరిదిద్దడం నొక్కకండి. మట్టిగోడల ఇళ్లు కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటాయి. కలపచట్రం ఇళ్లు ఓ పక్కకి ఒరిగి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ ఒరుగుని లెన్సు తప్పనుకుని నిటారుగా చేసేస్తుంది. వెనక కనిపించే చర్చి గోపురమో, పక్కనున్న కొత్త ఇటుక ఇంటి మూలో ఆధారంగా చేత్తో సరిచేయండి.

గోల్కొండఫ్రేమ్
ఎక్స్‌పోజర్ సంగతి నేను చెప్త. మబ్బు పట్టిన రోజు కూడా సున్నం గోడకీ పాత గడ్డికీ మధ్య రెండున్నర, మూడు స్టాపుల తేడా ఉంటది (ఒక్కో స్టాపుకి వెలుగు రెండింతలు). ఎండల చూరు కింది నీడ కూడ కలిస్తే అయిదు దాటుతది. కెమెరా మీటరు గోడ ఎక్కువున్న ఫ్రేముల గోడను బూడిద చేస్తది, కప్పు ఎక్కువున్న దాంట్ల గోడను కొట్టేస్తది. అందుకే మీటరును నమ్మకుండ గోడ మీద స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగే కొలిచేది) పెట్టి రెండు స్టాపులు పెంచుండ్రి. గోడ తెల్లగనే ఉంటది, సున్నపు గరుకు పోదు. ఆర్‌ఏడబ్ల్యూల (కుదించని ముడి ఫైల్ల) తీస్తే కప్పు నీడలు రెండు స్టాపులు లేపినా ఏం కాదు. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితం) 100–200, ఎపర్చరు (లెన్సు రంధ్రం) ఎఫ్/8.

కోనసీమ24ఎంఎం
అంత కష్టం ఎందుకండీ, రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసి (దీన్నే బ్రాకెట్ అంటారు), సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌డీఆర్‌గా ఒకే బొమ్మకి కలిపేస్తే సరిపోతుంది కదా.

గోల్కొండఫ్రేమ్
బ్రాకెట్ తీసుకోండ్రి, కాదనను. ఆటో హెచ్‌డీఆర్ వద్దు. గడ్డి కప్పుకి రూపం ఇచ్చేదే పోచల మధ్య సన్న నీడ. హెచ్‌డీఆర్‌ల వెలుగునీడల తేడా తగ్గించే టోన్‌మ్యాపింగ్ మొదట లేపేది దాన్నే. కప్పు మొత్తం ఒకే వెలుగుల కనిపిస్తది, చూరు కింద ఉండాల్సిన చీకటి పోతది, కప్పు గోడ మీద తేలినట్టు కొడతది. ఇంకోటి, తీగపూలు, హాలీహాక్‌లు గాలికి ఊగితె మూడు ఫ్రేములు కలవవు, అంచులల్ల నీడల్లాంటి జంట బొమ్మలు పడతయ్. గోడకి ఒక ఫ్రేము, కప్పుకి ఒక ఫ్రేము తీసి, చూరు గీత వెంబడి చేత్తో మాస్క్ చేసుకుంటె చాలు. చూరు గీత ఎట్లాగూ నీడలనే ఉంటది, అతుకు కనపడదు.

కిక్కిసదుబ్బు
వల గురించి ఎవరూ ఎత్తలేదు. పక్షులు, ఎలుకలు పోచలు లాగేయకుండా లాంగ్ స్ట్రా కప్పుల మీద చాలాచోట్ల మొత్తం ఇనుపతీగ వల కప్పుతారు, వీట్ రీడ్ మీద కొన్నిచోట్ల కొప్పుకే పరిమితం. కన్ను సుమారు 20 మిల్లీమీటర్లు. కొత్త వల అయితే పక్కవెలుతురులో మెరిసి కప్పంతా వెండిపొర కప్పినట్టు వస్తుంది. పోలరైజర్ తిప్పితే పోతుందనుకోకండి, లోహపు మెరుపు మీద అది దాదాపు పనిచేయదు. అలాంటి ఇంటికి మబ్బు రోజే మంచిది.

వల, సన్నపోచలు రెండూ మోయిరే తెస్తాయి. గులాబీ, ఆకుపచ్చ చారలు కప్పు మీద అలల్లా వస్తాయి. సెన్సర్ ముందు, సన్నవివరాన్ని కాస్త మెత్తబరిచే లో-పాస్ ఫిల్టర్ లేని బాడీల్లో ఎక్కువ. కెమెరా స్క్రీన్ మీద చిన్న బొమ్మలో కనిపించేదీ, అసలు ఫైల్లో ఉన్నదీ ఒకటి కాదు, అక్కడే 100 శాతానికి పెంచి చూడండి. ఉంటే ఒకటి రెండు అడుగులు ముందుకో వెనక్కో జరగండి, లేదా ఎఫ్/13 దాకా మూయండి. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల కాస్త మెత్తబడి చారలు తగ్గుతాయి. తర్వాత బ్రష్‌తో తీయొచ్చు గానీ కప్పు రంగు కూడా దానితో పాటు తరుగుతుంది.

చూరుకింద
అనుమతుల విషయం. రోడ్డు, ఫుట్‌పాత్, ఊరుమ్మడి పచ్చిక లాంటి బహిరంగ స్థలం నుంచి ఇంటి బయటి రూపం తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1988 కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం భవనాన్ని ఫొటో తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. గేటు దాటి తోటలో అడుగుపెట్టడం, కిటికీలోంచి లోపలికి లెన్సు పెట్టడం వేరే సంగతి. ఆ పని చేయకండి. 70–200 చేతిలో ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలి, తోటలో ఎవరైనా కూర్చుని ఉంటే లెన్సు దించేయండి, అడిగితే చాలామంది సరేనంటారు. పిల్లలు, కారు నంబర్లు ఫ్రేములో లేకుండా చూసుకోండి.

సెల్వర్తీ లాంటి నేషనల్ ట్రస్టు స్థలాల్లో సొంతానికి తీసుకోవచ్చు. అమ్మడానికి, స్టాక్ సైట్లకి అయితే ముందే రాతపూర్వకంగా అనుమతి కావాలి. వాళ్ల నేల మీద నుంచి అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయనివ్వరు. మిగతా చోట్ల కూడా 120 మీటర్ల ఎత్తు పరిమితి ఉంది, 2026 జనవరి నుంచి కెమెరా ఉన్న డ్రోన్ 100 గ్రాములున్నా రిజిస్టర్ చేయాలి. ఇళ్ల మధ్య సన్నవీధిలో డ్రోన్ తీయకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం.

ట్రైపాడ్ ఫుట్‌పాత్‌కి అడ్డంగా పెడితే దారికి ఆటంకం అవుతుంది. కాళ్లు ముడిచి మోనోపాడ్‌లా వాడుకోండి.

కోనసీమ24ఎంఎం
చెత్తడబ్బాలు! ఆ ప్రాంతం కౌన్సిల్ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొడితే డబ్బాలు బయటపెట్టే రోజు తెలుస్తుంది. ఆ రోజు, ముందురోజు సాయంత్రం తప్పించండి. ఆదివారం పొద్దున్న కార్లు కదలవు, ఇంటి ముందే ఉంటాయి. పనిరోజు 10 గంటలకైతే సగం కార్లు వెళ్లిపోయి ఉంటాయి. వారాంతమే కుదురుతుందంటే కారును పొదలు, గోడ మూల మరుగు చేసేలా మోకాలి ఎత్తు నుంచి తీయండి. కాకపోతే పైన చెప్పిన లెక్క ప్రకారం కప్పు ఇంకాస్త తగ్గుతుంది.

కరెంటు, ఫోను తీగలు ఆకాశం మీదుగా పోతే చెరపడం తేలిక. గడ్డి మీదుగా పోతే చెరిపిన చోట పోచల వరస తప్పి వెంటనే దొరికిపోతుంది. అందుకని తీగ ఆకాశం మీదికి పోయేలా రెండడుగులు పక్కకి జరగండి.

మే చివరికి విస్టీరియా రాలిపోతూ ఉంటుంది, గులాబీలు మొదలు. హాలీహాక్‌లు కావాలంటే జూలై. ఇల్లు మొత్తం ఆకారం కావాలంటే మాత్రం ఆకులు లేని ఫిబ్రవరి, మార్చి మేలు. మంచు కురిసిన రోజు ఇంకో విశేషం, గడ్డి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి పక్కింటి పెంకుల మీద కరిగిపోయినా పూరికప్పు మీద మంచు చాలాసేపు నిలుస్తుంది.

కిక్కిసదుబ్బు
ఇల్లు మొత్తం తీశాక ఒక్క చూరు మూల దగ్గర కాసేపు ఆగండి. 70–200ని 150 దాకా తెచ్చి, రోడ్డు మీది నుంచే. గడ్డి అంచు కోసిన చోట వేలాది కాడల కొసలు చిన్నచిన్న గుండ్రాలుగా కనిపిస్తాయి, కొన్ని బోలుగా, కొన్ని మూసుకుపోయి. లాంగ్ స్ట్రా అయితే అడ్డంగా రెండు హేజెల్ బద్దలు, వాటి మధ్య ఐమూలగా చిన్న బద్దలు, బెరడు ఇంకా కొన్నిటికి అంటుకునే ఉంటుంది. బద్దను పట్టి ఉంచేది మెలితిప్పి వంచిన హేజెల్ పుల్ల. దాని రెండు కొసలూ గడ్డిలోకి దిగిపోయి, వంపు ఒక్కటే పైన కనిపిస్తుంది. చూరుకి వాననీటి గటర్ ఉండదు, వాన నేరుగా నేల మీదికి జారుతుంది, అందుకే గోడ అడుగున చాలాచోట్ల నల్లటి తారుపట్టీ. ఆ చిమ్మిన మట్టి మరకలతో సహా ఫ్రేములోకి తీసుకోండి, కప్పుకీ నేలకీ సంబంధం తెలుస్తుంది.

ఎఫ్/5.6 చాలదు, అంచు లోతు ఎక్కువ. ఎఫ్/11, ఫోకస్ ముందంచుకి కొద్దిగా వెనక. కొప్పు మీద గడ్డితో చేసిన నెమలి, నక్క బొమ్మలు ఉంటే ఎండ వెనక నుంచి పడేటప్పుడు తీయండి, అంచు వెలిగి ఆకారం తేలుతుంది.

గోల్కొండఫ్రేమ్
ఎడిటింగ్‌ల రెండే ముచ్చట్లు. క్లారిటీ (చిన్న వివరాల కాంట్రాస్ట్ పెంచే స్లైడర్) +10 దాటొద్దు, దాటితే గడ్డి ఇనుపపీచు లెక్క అయితది. షార్ప్‌నింగ్ రేడియస్ 0.6–0.8, మాస్కింగ్ 40 దాక. వెబ్‌కి 2048 పిక్సెళ్లకి కుదించినంక మళ్లీ ఒకసారి మోయిరే చూడుండ్రి, అసలు ఫైల్ల లేనిది కుదించినప్పుడు పుడతది.

రంగు: పాత గడ్డి బూడిదే. నీడల ఉంటె ఆకాశపు నీలం పట్టుకుంటది, వైట్ బ్యాలెన్స్ 6500–7000 కెల్విన్ దాక పెంచితె సరి. పచ్చిక పక్కన తెల్లగోడ అడుగుభాగం ఆకుపచ్చగ అయితది, దాన్ని గ్రేడియెంట్‌తోని మెజెంటా వైపు కొద్దిగ జరుపుండ్రి. పసుపు, నారింజ స్లైడర్లు లేపి పాత కప్పును బంగారం చేయకుండ్రి, మొన్ననే నేసిన ఇంటికీ ముప్పై ఏళ్ల ఇంటికీ తేడా లేకుండ పోతది.

గోదారిగట్టు
సరేనండీ. శనివారం స్వాన్ గ్రీన్, మిల్టన్ అబ్బాస్ అనుకున్నాను, కానీ ఆ రోజు వాన చూపిస్తోంది. ఆదివారానికి మార్చుకోనా?

పక్కవెలుగు
మార్చుకోకండి. తడిసిన గడ్డి ముదురు గోధుమరంగుకి దిగి, పోచల వరసలు పొడి రోజు కంటే బాగా తేలతాయి. తడి మెరుపు పోలరైజర్‌తో తగ్గుతుంది, ఇక్కడ అది నిజంగా పనికొస్తుంది. ఒకటిన్నర స్టాపు తింటుంది, ఐఎస్‌ఓ 400కి వెళ్లండి. గోడకీ కప్పుకీ తేడా మాత్రం ఇంకో స్టాపు పెరుగుతుంది, గోడ ఫ్రేము విడిగా తప్పకుండా తీయండి.

వాన ఆగాక కూడా చూరు చుక్కలు చాలాసేపు రాలుతూనే ఉంటాయి. చుక్కలు విడివిడిగా కావాలంటే షట్టర్ 1/500 సెకను, తీగల్లా కావాలంటే 1/30. వెనక తెల్లగోడ ఉంటే కనపడవు, తలుపో, తారుపట్టీనో వెనక ఉండేలా నిలబడండి. లెన్సు తుడిచే గుడ్డలు రెండు, వేర్వేరు జేబుల్లో. పోలరైజర్ మీద పడ్డ చుక్క కొప్పు మీద మసకమచ్చగా వస్తుంది, వెనక స్క్రీన్ మీద అది కనిపించదు.